గవ్వల గట్టు దగ్గర చెప్పిన అబద్ధం

మా నాన్నగారి పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన కచేరీ పెట్టె తెరిచే పని నాకూ, మా తమ్ముడు రామానికీ పడింది. ఆ టేకుపెట్టెను మా చిన్నతనంలో ఎవరూ ముట్టుకోకూడదు. ఇప్పుడు ముట్టుకోవచ్చంటే నాకు చేతులు రాలేదు. రామమే మూత ఎత్తాడు. లోపల అరిగిపోయిన కలం మొనలు, ఎండి పెచ్చులు కట్టిన సిరాబుడ్డి, కర్పూరం వాసన కొట్టే ఉత్తరీయం, అన్నిటికీ అడుగున పాత పంచె ముక్కలో చుట్టిన రాయి ఒకటి. చిన్న కొబ్బరిచిప్పంత ఉంటుంది. తెల్లటి రాయి. అందులో బొటనవేలి గోరంత గవ్వ సగం బయటికి, సగం రాతిలోకి ఉంది. దారంతో కట్టిన చీటీ మీద నాన్నగారి గుండ్రటి దస్తూరీలో ఒక్కటే ముక్క రాసి ఉంది: "తీసినచోట పెట్టవలెను."

"ఏంటక్కా ఇది? కచేరీ రాయేమో, తిరిగి ఇవ్వడం మరిచిపోయినట్టున్నారు" అన్నాడు రామం. ఆ రాయి కచేరీది కాదు, నాన్నగారిది కూడా కాదు. పదేళ్ళ వయసులో నేను పరికిణీ కుచ్చిళ్ళలో దాచి తెచ్చి, మాగాయ జాడీ వెనక అటక మీద పెట్టుకున్న రాయి అది. నెల తిరక్కుండా మాయమైంది. ఎవరినీ అడగలేకపోయాను, అడిగితే ఎక్కడిదో చెప్పాలి కదా. పిల్లి దొర్లించిందనుకున్నాను, మా నాయనమ్మ పారేసిందనుకున్నాను. నాన్నగారు తీశారని మాత్రం నలభై ఏళ్ళలో ఒక్కసారైనా తోచలేదు. ఆ చీటీ చూసిన దగ్గర్నుంచి నాకు అన్నీ కలగాపులగంగా జ్ఞాపకం వస్తున్నాయి. ఏది ముందో ఏది వెనకో సరిగా చెప్పలేను. తోచినట్టు రాస్తాను.

అప్పుడు మేము రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు దగ్గరగా ఉండేవాళ్ళం. నాన్నగారు ఆనకట్ట కచేరీలో రైటరు. ప్రతి కార్తీకమాసంలోనూ ఒక ఆదివారం మా వీధివాళ్ళూ, పక్క వీధులవాళ్ళూ కలిసి కాతేరు దాటి ఉత్తరంగా ఉన్న అడవిలోకి నడిచి వెళ్ళేవాళ్ళం. ఉసిరి చెట్టు కింద భోజనం చేస్తే పుణ్యమని అందరూ చేసేదే, కానీ మా ఊరివాళ్ళ నడక ఒట్టి భోజనాల నడక కాదు. దానికి ఒక పెద్ద ఉండేవారు. ఆయన ఆగమన్నచోట అందరం ఆగాలి, చూడమన్నది చూడాలి, విన్నాకగాని కదలకూడదు. ఆయనే గురునాథం తాతగారు. మాకు చుట్టం కాదు, గోదావరి మీద పడవలు నడిపే పల్లెకారుల ఇంటి మనిషి. వయసులో ఉండగా ధవళేశ్వరం ఆనకట్టకు రాళ్ళు మోసే పడవ మీద పనిచేసి, ఆ తరువాత కొలతల దొర వెంట భూమి కొలిచే ఇనప గొలుసు పట్టుకుని కొండలూ గుట్టలూ తిరిగారట. అందుకని ఊళ్ళో ఆయన పేరు గొలుసు గురునాథం. మా నాన్నగారు ఒక్కరే ఆయన్ను 'గురునాథం గారూ' అని పిలిచేవారు. అది మా వీధిలో కొందరికి గిట్టేది కాదు.

నడక రోజున మా ఇంట్లో తెల్లవారుజామునే ఇంగువ వాసనతో మెలకువ వచ్చేది. నాయనమ్మ తడిచీరతో పులిహోర కలుపుతూ, ఒక పక్క దేవుణ్ణీ, ఇంకో పక్క మా అమ్మనూ పిలుస్తూ ఉండేది. అమ్మ మోదుగాకుల విస్తళ్ళు లెక్కపెట్టి కట్ట కట్టేది. ఎన్ని కట్టినా అక్కడికి వెళ్ళాక రెండు తక్కువయ్యేవి, నాయనమ్మ ఏడాదంతా ఆ రెండు విస్తళ్ళ గురించే మాట్లాడేది. నాయనమ్మ నడుము పట్టేసిందని ప్రతి ఏడూ రానంటూనే అందరికన్నా ముందు గుమ్మంలో నిలబడేది, రొంటిన తమలపాకుల సంచీ, సున్నపుకాయ భద్రంగా దోపుకుని.

తాతగారు ముందు, మేమందరం వెనక. ఎర్రమన్ను మొదలయ్యేచోట మొదటి మజిలీ. ఆయన కళ్ళకు అప్పటికే పొరలు కమ్మాయి. మనిషి ఆకారం తెలుసుకునేవారు గానీ మొహం పోల్చుకోలేకపోయేవారు. అయినా అరికాలు మోపగానే "ఇదుగోండి, ఒండ్రుమట్టి అయిపోయింది. గోదారమ్మ ఇక్కడిదాకా వచ్చి ఆగిందండి" అనేవారు. నేను వంగి చూసేదాన్ని, అడుగు ఇటు నల్లగా, అటు ఎర్రగా ఉండేది. తరువాత బలుసు పొదలు, కలివి పొదలు, పాలపిట్ట కనబడితే కాసేపు నిలబడి దణ్ణం. తరువాత పాత మట్టికోట గోడ అని ఒక దిబ్బ. అక్కడ కుండపెంకులు దొరికేవి. ఏ రాజు కోటో ఆయనకూ తెలియదు. "ఎవరిదైనా అన్నం వండుకున్నది మాత్రం నిజమండి, ఇదుగో మసి" అని పెంకును మా ముక్కుల దగ్గర పెట్టేవారు. చూశాక దాన్ని మళ్ళీ ఆ గుంటలోనే, అదే వైపు కిందికి ఉండేలా పెట్టాలి. ఉసిరికాయలు తప్ప అడవినుంచి ఏదీ ఇంటికి తేకూడదని ఆయన నియమం. తీసినచోట, తీసినవైపు. ఒకసారి ఒక పిల్లవాడు నెమలీక దాచుకుంటే, ఆ పిల్లవాణ్ణి తీసుకుని అరకోసు వెనక్కి నడిచి పెట్టించి వచ్చారు. అందరం ఎండలో నిలబడి ఎదురుచూశాం. మా నాయనమ్మ మరీ విసుక్కుంది.

చివరి మజిలీ గవ్వల గట్టు. దారి ఒక మద్దిచెట్టు దగ్గర మలుపు తిరిగేది, తిరగ్గానే ఎదురుగా నిలువునా తెగిన గట్టు. అడుగున నల్లరాయి, పైన నల్లరాయి, రెంటికీ మధ్యన బూరెలో పూర్ణంలాగా తెల్లరాయి. ఆ తెలుపునిండా గవ్వలు. తాతగారు మలుపు దగ్గర ఆగి, గట్టుకు వీపు పెట్టి, మా వైపు తిరిగి నిలబడేవారు. "నేను చూసేశానండి, మీరు చూడండి" అని కర్ర వెనక్కి చాపేవారు. మలుపు తిరిగినవాళ్ళు తిరిగినట్టుగా "అబ్బో!" అనేవారు. ఏటా చూసేదే అయినా ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేది. అది వినడం కోసమే ఆయన వీపు పెట్టి నిలబడేవారేమో. ఆ అబ్బో వినగానే ఆయన మొహం విచ్చుకునేది. ఏడాదిలో ఆయన్ను అంత సంతోషంగా నేను ఇంకెప్పుడూ చూడలేదు.

అప్పుడు ఒక పిల్లనో పిల్లవాణ్ణో పంపి, విడిగా పడివున్న గవ్వరాయి ఒకటి తెప్పించి అందరి చేతులకూ ఇచ్చేవారు. ఎవరు ముట్టుకున్నది ఎవరు పట్టుకుంటున్నారో ఆ కాసేపు ఎవరికీ గుర్తురాదు. "ఇది ఉప్పునీటి గవ్వండి. మా అమ్మమ్మగారి ఊరు సముద్రపొడ్డు, ఈ జాతి నేను చిన్నప్పుడు తిన్నానండి. ఈ నల్లరాయి నిప్పులో పుట్టిందని దొర చెప్పాడండి. నిప్పు కింద ఉప్పునీరు, దాని కింద మళ్ళీ నిప్పు. ఎలాగని అడక్కండి, నాకూ తెలీదు." మా నాయనమ్మ ఒప్పుకునేది కాదు. పాలసముద్రం చిలికినప్పుడు చెదిరిపడ్డ గవ్వలని ఆవిడ వాదం, ద్రాక్షారామం భీమేశ్వరుణ్ణి సాక్ష్యం పెట్టి మరీ చెప్పేది. మిషను బడి పంతులుగారు కూడా నడకకు వచ్చేవారు. జలప్రళయంలో కొట్టుకొచ్చాయని ఆయన చెప్పేవారు. నేను ముగ్గురివీ నమ్మేదాన్ని. ఒకే గవ్వ మూడు దారుల్లో వచ్చిందనుకుంటే నాకేమీ ఇబ్బందిగా ఉండేది కాదు. ఇప్పుడు మా మనవలు బడిపుస్తకంలో చూసి నాలుగోది చెబుతున్నారు, అదీ నమ్ముతున్నాను.

ఆ తరువాత ఉసిరిచెట్ల కింద భోజనాలు. నడిచేటప్పుడు ఒకే వరస, తినేటప్పుడు నాలుగు చెట్లు. మమ్మల్నందర్నీ నడిపించి తెచ్చిన మనిషి దూరంగా వేరే చెట్టు కింద సద్దిమూట విప్పుకునేవారు. అదేం పద్ధతని అప్పుడు నాకు తోచలేదు. తోచనందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నా పదో ఏట గవ్వరాయి తెచ్చే వంతు నాకు వచ్చింది. తాతగారే ముందటేడు "వచ్చే ఏడు అమ్మాయిగారిదండి" అని అందరి ముందూ చెప్పారు. ఏడాదంతా దాన్నే తలుచుకున్నాను. నడకకు రెండురోజుల ముందు నాన్నగారు భోజనానికి కూర్చున్నారు, నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాను. "గురునాథానికి చెప్పావా?" అని అడిగింది నాయనమ్మ. నాన్నగారు అన్నం కలుపుతూ ఉండిపోయారు. "చెబుదామనే రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళానమ్మా. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. వరద గురించి మాట్లాడుకుని వచ్చేశాను." "చెప్పకపోతే ఆదివారంనాడు ఏం చూపిస్తాడు? కొండ లేదుగా!" అంది నాయనమ్మ. నాన్నగారు విస్తరి మీదే చెయ్యి కడిగేసుకున్నారు.

కొండ లేకపోవడం ఏంటో నాకు అర్థం కాలేదు. కుక్క తప్పిపోతుంది, చెంబు పోతుంది, కొండ ఎక్కడికి పోతుంది? అమ్మను అడిగితే "నీకెందుకే" అంది. తరువాత తెలిసింది. కాలువగట్లు తెగకుండా రాయి కావాలని ఆ వేసవిలో గవ్వల గట్టును పేల్చి, కొట్టి, బండ్లకెత్తించి పట్టుకుపోయారు. ఏ బండి ఏ కాలువగట్టుకు పోవాలో కాగితాలు రాసింది మా నాన్నగారే. అది ఆయన ఉద్యోగం. పై దొర సంతకం పెడతాడు, ఈయన రాస్తారు. ఆ బండ్లు మా వీధి చివరినుంచే వెళ్ళాయి, కాబట్టి ఊరంతటికీ తెలుసు. తాతగారికి ఒక్కరికే తెలియదు. ఆయనకు దగ్గరివాళ్ళు ఎవరో చెప్పే ఉంటారని ప్రతివాళ్ళూ అనుకున్నారు. అంత పెద్దమనిషి మొహంమీద ఆ మాట మనమెలా అంటాంలే అని ప్రతివాళ్ళూ ఊరుకున్నారు. మా వైపు మర్యాద ఇలాగే ఉంటుంది.

ఆదివారం నడక మొదలైంది. ఎర్రమన్ను, పాలపిట్ట, మట్టికోట, అన్నీ ఎప్పటిలాగే. కోట దాటాక తాతగారు ఆగి పాదంతో నేల తడిమారు. "బండిచాళ్ళు లోతుగా ఉన్నాయే! ఇటు బండ్లు తిరుగుతున్నాయాండీ?" అని అడిగారు. అందరూ నాన్నగారి వైపు చూశారు. "వంటచెరకు బండ్లండి, గురునాథం గారూ" అన్నారు నాన్నగారు. ఆయన అబద్ధమాడగా నేను విన్నది అదే మొదలు.

మద్దిచెట్టు అలాగే ఉంది. తాతగారు ఎప్పటిలాగే ఆగి, మా వైపు తిరిగి, కర్ర వెనక్కి చాపారు. "నేను చూసేశానండి, మీరు చూడండి." ఆయన కర్ర చూపిస్తున్నచోట ఆకాశం ఉంది. దాని కింద పెద్ద గొయ్యి, విరిగిన రాళ్ళు, బండిచాళ్ళు. ఎవరో చంటిపిల్లవాడు ఏడ్చాడు, ఇదంతా ఈమధ్యనే విన్న రామం అది అమ్మ చంకలో ఉన్న తానేనంటాడు. కానీ వాడు అప్పటికి పుట్టాడో లేదో నాకు అనుమానమే. కాసేపటికి మిషను బడి పంతులుగారు గొంతు సవరించుకుని "అబ్బో!" అన్నారు. దాన్ని పట్టుకుని ఇంకొకరు "అబ్బో" అన్నారు. తరువాత అందరూ తలా ఒకటి అన్నారు. "ఎంత బాగుందండీ" అని కూడా ఎవరో అన్నారు. మా నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మాయిగారు ఏరండీ? ఈ ఏడు మీ వంతు కదండీ, రాయి తీసుకురండి" అన్నారు తాతగారు. నేను నాన్నగారి మొహంలోకి చూశాను. చెప్పనా, వద్దా? ఆయన తల దించుకున్నారు. అమ్మ వెళ్ళమని కళ్ళతో చెప్పింది. గొయ్యిలోకి దిగాను. కొట్టిన రాళ్ళ మధ్య ఎంతో వెతికితే గవ్వ ఉన్న ముక్క ఒకటి దొరికింది. పట్టుకెళ్ళి తాతగారి చేతిలో పెట్టాను. ఆయన బొటనవేలితో దాని అంచంతా ఒకసారి తడిమారు. ఎప్పుడూ ఇచ్చే రాళ్ళు వానకు నాని నున్నగా ఉండేవి, దీని అంచు కత్తిలా ఉంది. నా వేలు అప్పటికే తెగింది. ఆయన వేలు ఆ అంచు మీద కాసేపు ఆగింది. తరువాత ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. ఉప్పునీటి గవ్వ, అమ్మమ్మగారి ఊరు, నిప్పు కింద ఉప్పు. ఒక్క ముక్క తగ్గించలేదు. రాయి చేతులు మారి మళ్ళీ ఆయన దగ్గరికి వచ్చింది. "తీసినచోట, తీసినవైపు పెట్టి రండమ్మా" అని నాకిచ్చారు.

ఎక్కడ పెట్టను? తీసినచోటనేది ఒకటుంటే కదా! ఆ రాళ్ళకుప్ప మధ్య నిలబడి అటూ ఇటూ తిప్పి చూశాను. ఏ వైపు కిందికి ఉండేదో గట్టు ఉంటే తెలిసేది. ఎక్కడో ఒకచోట పడేసి రావచ్చు, కానీ పడేస్తే నియమం తప్పినట్టు, పట్టుకెళితే ఇంకా తప్పినట్టు. ఏడుపొచ్చింది. చివరికి పరికిణీ కుచ్చిళ్ళలో దోపుకుని పైకి వచ్చాను.

"పెట్టారా అమ్మా?"

"పెట్టానండి."

"తీసినచోటేనా?"

"తీసినచోటే తాతగారూ."

"అయితే ఆ చోటు ఉందన్నమాట" అన్నారు. చెయ్యి నా తల దాకా తెచ్చి, ఎందుకో వెయ్యకుండా మళ్ళీ కర్ర మీద వేసుకున్నారు.

ఆ మాటకు అర్థం ఏంటో నాకు నలభై ఏళ్ళూ తెలియలేదు. నమ్మి సంతోషించారా, నమ్మక అన్నారా? ఒకరోజు ఇలా అనిపించేది, ఇంకోరోజు అలా. ఆ రోజు భోజనాల దగ్గర ఎవరూ సరిగా తినలేదు. చిత్రం, విస్తళ్ళు రెండు మిగిలాయి. నాన్నగారు తన విస్తరి ఎత్తుకుని వెళ్ళి, తాతగారు కూర్చున్న చెట్టు కింద, ఆయనకు ఎదురుగా కూర్చుని తిన్నారు. నాయనమ్మ చూసి కూడా ఏమీ అనలేదు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. మాట్లాడుకున్నట్టు కూడా లేదు.

మరుసటి కార్తీకానికి మోకాళ్ళు పట్టేశాయని తాతగారు రానన్నారు. ఆ పై ఏడు ఆయనే లేరు. మిషను బడి పంతులుగారు ఒకసారి నడిపించబోయి దారి తప్పించారు, ఉసిరిచెట్టు దొరక్క వేపచెట్టు కింద తిని వచ్చాం. ఇప్పుడు జనం బండ్లు కట్టుకుని తోటల్లోకి పోతున్నారు. పిండివంటలు ఎక్కువ, నడక లేదు. మా కోడలు తోటకు వెళ్ళి వచ్చి ఏం తిన్నదీ చెబుతుంది గానీ ఏం చూసిందని అడిగితే నవ్వుతుంది. మేమూ ఏమంత చూశామని? చూసింది లేదని ఒప్పుకోవడం చేతకానివాళ్ళం.

ఈ చీటీ చేతికొచ్చాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. రామాన్ని వెంటబెట్టుకుని బండి కట్టించుకుని వెళ్ళాను. వాడికి అప్పటికి కథ చెప్పలేదు. చిన్నప్పుడు చూసిన గట్టు ఒకటి ఉంది, రాయి అక్కడ పెట్టి రావాలి అన్నాను, అంతే. కాతేరు దాటాక దిగి నడిచాం. బలుసు పొదలు పల్చబడ్డాయి, మట్టికోట దిబ్బను ఎవరో దున్నేశారు. మద్దిచెట్టు ఉంది. లేక అది వేరే మద్దిచెట్టా? నాకు రూఢిగా తెలియలేదు. ఎందుకనో మలుపులో ఆగి, రామం వైపు తిరిగి, తాతగారు నిలబడ్డట్టే వెనక్కి వీపు పెట్టి నిలబడ్డాను. వెనక ఏముందో నేను ఇంకా చూడలేదు. "చూడరా" అన్నాను.

వాడు నా భుజం మీదుగా చూశాడు. అక్క పెద్దదైపోయింది, నాన్నగారు పోయిన దుఃఖంలో ఉంది, ఎందుకు బాధపెట్టడం అనుకున్నాడు కాబోలు. "అబ్బో, బాగుందక్కా" అన్నాడు.

వాడి గొంతులో ఏముందో చిన్నపిల్లకైనా తెలిసిపోతుంది. ఒక్క మనిషి అన్న ఒక్క అబ్బోకే నాకు తెలిసిపోతే, అంతమంది తలా ఒకటి అన్నప్పుడు, ఏడాదంతా ఆ మాట కోసమే ఎదురుచూసే మనిషికి తెలియకుండా ఉంటుందా? నేను రాయి తేకముందే తాతగారికి తెలుసు. తెలిసే నన్ను పంపారు, తెలిసే గవ్వ కథంతా చెప్పారు. ఆయన దగ్గర మేము దాచామనుకున్నాం. తలదించుకున్న మా నాన్న కోసం ఆయనే మా దగ్గర దాచారు. నాన్నగారికి ఈ సంగతి ఆ చెట్టు కింద విస్తరి ముందే అర్థమై ఉంటుంది. లేకపోతే ఈ రాయిని అటక మీదనుంచి తీసి, ఇన్నేళ్ళు చీటీ కట్టి ఎందుకు దాచుకుంటారు?

"రామం, నన్ను సంతోషపెట్టొద్దురా. అక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నాను.

వాడు నా చేతిలోని రాయి తీసుకుని, మెల్లిగా అన్నాడు. "కొండ లేదక్కా. గొయ్యి ఉంది, నిండా నీళ్ళున్నాయి."

అప్పుడు వెనక్కి తిరిగాను.